గోడకు రెండు వైపులా ఒకే నక్షా

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి నెల కిందట ఫోన్ చేసి, "అన్నా, స్వర్ణోత్సవంలో మీరు మాట్లాడాలి, చదువు గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను చదువు చెప్పినవాణ్ణి కాదు. ముప్పై ఏళ్ళకు పైగా టౌన్ ప్లానింగ్ ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసినవి భూమి, రోడ్డు, నాలా, నక్షా. కాబట్టి చదువుల తల్లి కూర్చున్న నేల గురించి చెప్తానన్నాను. ఆయన కాసేపు ఆగి, "సరే అన్నా, కానీ అరగంట దాటొద్దు" అన్నారు. దాటను.

మన సికింద్రాబాద్ వాళ్ళకు ఒక సంగతి చిన్నప్పటి నుంచి తెలుసు. ఇక్కడ ఎటు నడిచినా ఏదో ఒక పెద్ద గోడ ఎదురవుతుంది. ఒకవైపు కంటోన్మెంట్ గోడ, ఇంకోవైపు రైల్వే గోడ, తార్నాక వైపు వెళ్తే విశ్వవిద్యాలయం గోడ. 1806లో సికిందర్ జా పేరు పెట్టిన నాటి నుంచి ఈ ఊరు దండు చుట్టూ, తర్వాత రైలు చుట్టూ పెరిగింది. మనం ఆ గోడల మధ్య గల్లీల్లో పెరిగాం. అయితే మిగతా గోడల దగ్గర మనకు భయం ఉండేది గానీ, ఉస్మానియా గోడ దగ్గర భయం ఉండేది కాదు. సెలవు రోజున అద్దె సైకిళ్ళు తీసుకుని ఆర్ట్స్ కాలేజీ మెట్ల దాకా తొక్కేవాళ్ళం. ఆ గులాబీ రంగు రాయి కింద నిలబడి, పెద్దయ్యాక ఇక్కడే చదవాలి అనుకోని పిల్లవాడు మన క్లాసులో లేడు. కొందరం చదివాం, కొందరం చదవలేకపోయాం. కానీ ఆ ఆవరణ మనదే అనుకున్నాం. ఈ "మనదే" అనే మాట గురించే నేను చెప్పబోయేది.

ఉస్మానియా ఎక్కడ నుంచి వచ్చిందో ముందు చూద్దాం. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద వచ్చి నగరాన్ని ముంచేసింది. ఆ దెబ్బ తర్వాత విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు, జలాశయాలు కట్టారు, 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టారు. మురికి కాల్వలు, వెడల్పు రోడ్లు, ఇరుకు బస్తీల్లో ఉండే వాళ్ళకు ఇళ్ళు, ఇవన్నీ ఆ బోర్డు పనులు. నగరం గురించి ఒక పద్ధతిగా ఆలోచించడం మొదలైన ఆ రోజుల్లోనే, 1917లో, నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ విశ్వవిద్యాలయానికి ఫర్మానా ఇచ్చారు. 1919 ఆగస్టు 28న గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని అద్దె భవనాల్లో 225 మంది విద్యార్థులతో తరగతులు మొదలయ్యాయి.

శాశ్వత ఆవరణ ఎక్కడ ఉండాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు పాట్రిక్ గెడ్డెస్‌ను పిలిచారు. స్కాట్లండ్ వాడు. మొదట జీవశాస్త్రం చదివి తర్వాత నగరాల వైపు తిరిగాడు. అప్పటికి బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం, పౌరశాస్త్రం ఆచార్యుడు. మా వృత్తిలో ఆయన పేరు చెప్తే ఇప్పటికీ లేచి నిలబడతాం. ఆయన నేర్పిన పాఠం ఒక్కటే: ముందు సర్వే, తర్వాత ప్లాన్. డాక్టర్ నాడి చూడకుండా మందు రాయకూడదు, ప్లానర్ వీధి నడవకుండా గీత గీయకూడదు. ఆయన అనువైన స్థలాలు తిరిగి చూసి 1923లో నివేదిక ఇచ్చాడు. చివరికి ఆవరణ అడిక్‌మెట్‌లో వెలిసింది. ఒకప్పుడు కవయిత్రి మాహ్ లఖా బాయి చందాకు జాగీరుగా దక్కిన నేల అని చెప్పుకునే చోటు అది. ఆ తర్వాత జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా విదేశీ విశ్వవిద్యాలయాలు చూసి వచ్చారు. బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ నమూనాలు గీశాడు. 1934 జూలై 5న ఆర్ట్స్ కాలేజీకి శంకుస్థాపన, 1939 డిసెంబర్‌లో ప్రారంభం.

ఇందులో మీరు గమనించవలసింది ఒకటుంది. ఆ రోజుల్లో ఒకే సర్కారు నగరాన్నీ చూసింది, విశ్వవిద్యాలయాన్నీ చూసింది. నగర ప్రణాళిక తెలిసిన మనిషిని పిలిచి విశ్వవిద్యాలయానికి చోటు చూపించమంది. ఆవరణ ఊరికి దూరంగా ఉంది గానీ ఊరి ఆలోచనకు దూరంగా లేదు. ఇదంతా రాజుగారి కాలం, ప్రజలను ఎవరూ అడగలేదు అన్నది నిజమే. ఆ కాలం తిరిగి రావాలని నేను కోరడం లేదు. ఒకే బల్ల మీద రెండు నక్షాలు పరిచారు అన్నంత వరకే చెప్తున్నాను.

తర్వాత ఏమైంది? ఊరు ఆవరణ దగ్గరికి నడిచి వచ్చింది. 1950లు, 60లలో తార్నాక, హబ్సిగూడ వైపు పోషకాహార సంస్థ, ఇంగ్లిష్ బోధన సంస్థ, భూభౌతిక పరిశోధన సంస్థ వంటివి ఒక్కొక్కటే వచ్చాయి. ఒక విశ్వవిద్యాలయం పక్కన చదువుల పేట ఏర్పడింది. ఇది మంచి పొరుగు. 1960లో మన సికింద్రాబాద్ మున్సిపాలిటీ హైదరాబాద్‌లో కలిసింది. విద్యానగర్, సీతాఫల్‌మండి, అంబర్‌పేట, నాచారం నిండిపోయాయి. ఆవరణ అంచున రాళ్ళు కొట్టే వడ్డెరల బస్తీ వెలిసింది, అదే నేటి మాణికేశ్వరీ నగర్. ఒకప్పుడు ఊరి బయట ఉన్న 1,600 ఎకరాలు ఊరి నడిబొడ్డు అయింది. ఈ రోజు ఆవరణ పేరు మీదే రెండు ఎంఎంటీఎస్ స్టేషన్లు ఉన్నాయి, ఆర్ట్స్ కాలేజీ ఒకటి, జామియా ఉస్మానియా ఒకటి. తార్నాకకు 2017లో మెట్రో వచ్చింది. ఆవరణ మాత్రం అలాగే ఉంది. నగరానికి అది ఊపిరి, అదే సమయంలో ఆశ కూడా. ఎవరికి స్థలం కావలసినా కళ్ళు అటే వెళ్తాయి.

2015లో ఉస్మానియా భూమిలో కొంత పేదల ఇళ్ళకు తీసుకుంటామని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించినప్పుడు విద్యార్థులు రోడ్డెక్కారు. పేదలకు ఇల్లు వద్దని ఏ విద్యార్థీ అనడు. వాళ్ళలో సగం మంది తల్లిదండ్రులకే సొంత ఇల్లు ఉండదు. విశ్వవిద్యాలయం భూమి ముట్టుకోవద్దన్నదీ అబద్ధపు కోరిక కాదు. రెండూ న్యాయమైన మాటలే. కానీ ఆ రెండు మాటలూ ఒక గదిలో కూర్చుని మాట్లాడుకోలేదు. ఒకటి విలేకరుల సమావేశంలో వినిపించింది, ఇంకొకటి ధర్నాలో వినిపించింది.

ఇక్కడ నా ఉద్యోగ జీవితంలోని ఒక సంగతి చెప్పాలి. ఏ నగరమో, ఏ సంస్థో చెప్పను. చెబితే ఇద్దరూ బాధపడతారు, ఇద్దరూ నాకు కావలసినవాళ్ళే.

ఒక పెద్ద విద్యాసంస్థ ప్రహరీకి ఆనుకుని ఒక బస్తీ ఉంది. ప్రతి వానాకాలం అక్కడ మోకాళ్ళ లోతు నీళ్ళు. నేను కొత్తగా ఆ వార్డు బాధ్యత తీసుకున్నప్పుడు మా ఆఫీసు నక్షా తెరిచాను. అందులో నాలా గీత బస్తీ మధ్య నుంచి ఎగువకు వెళ్ళి ప్రహరీ దగ్గర ఆగిపోయింది. గోడ లోపల అంతా తెల్ల కాగితం. మా వాళ్ళకు సంబంధించినంత వరకు ఆ రెండు వందల ఎకరాల మీద వాన కురవదు! సరే అని ఆ సంస్థ ఎస్టేట్ విభాగానికి వెళ్ళి వాళ్ళ నక్షా చూపించమన్నాను. అందులో హాస్టళ్ళు, చెట్లు, వాన నీటి కాల్వలు అన్నీ చక్కగా గీసి ఉన్నాయి. కాల్వ గీత దిగువకు వచ్చి ప్రహరీ దగ్గర ఆగిపోయింది. గోడ బయట అంతా తెల్ల కాగితం. వాళ్ళకు సంబంధించినంత వరకు నీళ్ళు గోడ దాటాక ఆవిరైపోతాయి.

రెండు నక్షాలూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు గీతలూ ఒకచోట కలవలేదు. మధ్యలో దాదాపు నలభై అడుగుల తేడా. లోపల కొత్త హాస్టల్ కట్టినప్పుడు కాల్వను జరిపారు, బయట చెప్పలేదు. బయట రోడ్డు వేసినప్పుడు తూము ఎత్తు పెంచారు, లోపల చెప్పలేదు. ఆ నలభై అడుగుల్లోనే బస్తీ వాళ్ళ బియ్యం సంచులు తడిశాయి. ఆ వానాకాలం నేను వెళ్ళినప్పుడు ఒక పెద్దమ్మ పిల్లల పుస్తకాలు దండెం మీద ఆరేస్తూ, "బిడ్డా, గోడ అవతల పెద్ద చదువులు చెప్తరంట, గీ నీళ్ళు యాడికి పోవాల్నో వాళ్ళకు తెల్వదా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. తెలియవలసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి గదా.

తర్వాత రెండు ఆఫీసుల వాళ్ళం కలిసి ఒక ఆదివారం నడిచాం. టేపు పట్టుకుని, నక్షా పట్టుకుని, అంతే. తూము సరిచేయడానికి పెద్ద ఖర్చు కాలేదు. కానీ ఆ ఒక్క ఆదివారం రావడానికి పన్నెండు వానాకాలాలు పట్టింది.

భూమి విషయంలో సహకారం అంటే నా దృష్టిలో ఇదే. దండలు వేసుకుని ఒప్పంద పత్రాలు మార్చుకుంటే సరిపోదు. గోడకు రెండు వైపులా ఒకే నక్షా ఉండాలి.

ఇప్పుడు గచ్చిబౌలి చూడండి. 1974లో పార్లమెంటు చట్టంతో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదట అబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచింది. తర్వాత ఊరి బయట, రాళ్ళ గుట్టల మధ్య, దాదాపు 2,300 ఎకరాలు కేటాయించారు. అప్పుడు అటు వెళ్ళడానికి బస్సు కూడా సరిగ్గా ఉండేది కాదు. తర్వాత పాతికేళ్ళకు పక్కనే ఐటీ నగరం లేచింది. ఆ భూమిలోంచి స్టేడియానికి కొంత, టిఐఎఫ్ఆర్ వంటి పరిశోధన సంస్థలకు కొంత వెళ్ళాయి. 2004 ప్రాంతంలో 400 ఎకరాలు ఒక క్రీడా ప్రాజెక్టు కంపెనీకి ఇవ్వడం, తర్వాత అది రద్దు కావడం, ఆ కేసు ఏళ్ళ తరబడి కోర్టుల్లో నడవడం మీకు తెలిసిందే. 2025 మార్చి చివర్లో ఆ 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా కలుగజేసుకుని చెట్ల నరికివేత ఆపించింది.

భూమి సర్కారుదేనని ప్రభుత్వం వాదన. ఆ వివాదం మంచిచెడ్డలు తేల్చడానికి కోర్టు ఉంది, నేను కాదు. కానీ ఆ రోజుల్లో పేపర్లో వచ్చిన ఒక చిన్న సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. విశ్వవిద్యాలయం సమక్షంలోనే సర్వే చేసి హద్దులు గుర్తించామని ప్రభుత్వ సంస్థ చెప్పింది. హద్దుల సర్వే జరగనే లేదని, ప్రాథమిక పరిశీలన మాత్రమే జరిగిందని విశ్వవిద్యాలయం చెప్పింది. చూశారా? సంస్థ పుట్టి యాభై ఏళ్ళు దాటాక కూడా హద్దురాయి ఎక్కడుందో రెండు పక్షాలూ ఒక మాట చెప్పలేకపోయాయి. ఆ ఊరి పేరే కంచ గచ్చిబౌలి. కంచ అంటే మన పల్లెల్లో పశువులు మేసే ఉమ్మడి నేల. ఉమ్మడి నేలకు కాగితం ఉండదు, అందరికీ తెలుసు అనే నమ్మకం ఉంటుంది. ఆ నమ్మకం ఎకరం ధర కోట్లకు చేరేదాకా నిలుస్తుంది. ఆ తర్వాత నిలవదు.

రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కథా అలాంటిదే. 2024లో అక్కడ 100 ఎకరాలు కొత్త హైకోర్టుకు కేటాయించారు. హైకోర్టుకు చోటు కావాలి, కాదనలేం. కానీ వ్యవసాయం నేర్పే చోట భూమి అంటే ఖాళీ జాగా కాదు, అది వాళ్ళ ప్రయోగశాల. గదిలోని సూక్ష్మదర్శిని బయటికి తీసుకెళ్తే ఎలా ఉంటుందో, ఏళ్ళ తరబడి చెట్లు పెంచి గమనిస్తున్న మడి తీసుకుంటే అలాగే ఉంటుంది. విద్యార్థులు ఆ మాటే చెప్పారు.

మరి ఇతర దేశాల్లో గొడవలు లేవా అంటే, ఉన్నాయి. అమెరికాలో బర్క్‌లీ అనే ఊరు, అక్కడి విశ్వవిద్యాలయం 2005లో కోర్టుకెక్కాయి. విశ్వవిద్యాలయం విస్తరణ ప్రణాళిక మీద ఊరు కేసు వేసింది. కొన్ని నెలలకే రాజీ పడ్డాయి. ఆ రాజీలో ఒక షరతు ఏమిటంటే, ఊరి నడిమి ప్రాంతానికి ఇద్దరూ కలిసి ప్రణాళిక తయారు చేయాలి. అది తేలిగ్గా తెమల్లేదు. చివరికి 2012లో ఆమోదం పొందింది. ఆ తర్వాతా వాళ్ళు మళ్ళీ పోట్లాడుకున్నారు. కానీ పోట్లాడుకోవడానికైనా ఒక ఉమ్మడి కాగితం ఉంది.

ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి ఊరి వాయవ్యంలో 150 హెక్టార్ల పొలం ఉండేది, మన లెక్కలో దాదాపు 370 ఎకరాలు. ఊళ్ళో ఇళ్ళ ధరలు పెరిగి యువ పరిశోధకులు ఉండలేని పరిస్థితి వచ్చింది. స్థానిక పాలక మండళ్ళు ఆ నేలకు 2009లో ప్రణాళిక ఆమోదించాయి. 3,000 ఇళ్ళు, అందులో సగం విశ్వవిద్యాలయ సిబ్బందికి, మిగతా సగం అందరికీ. అన్నిటికంటే ముందు ఏం తెరిచారో తెలుసా? ప్రాథమిక పాఠశాల. 2015లోనే పిల్లలు బడికి వచ్చారు. ఇళ్ళు తర్వాత లేచాయి. ఇది మా టీచర్లకు నచ్చుతుందని చెప్తున్నాను.

మనకు ఆ దేశాల డబ్బు లేదు, నిజమే. కానీ నేను చెప్పే నాలుగు పనులకు డబ్బు పెద్దగా అక్కర్లేదు.

మొదటిది, ఉమ్మడి సర్వే. రెవెన్యూ శాఖ, నగరపాలక సంస్థ, విశ్వవిద్యాలయం ముగ్గురూ కలిసి నడిచి, హద్దురాళ్ళు పాతి, ముగ్గురూ సంతకం చేసిన నక్షా అందరికీ కనిపించేలా పెట్టాలి. పాత సేత్వార్, టిప్పన్ కాగితాలు బీరువాల్లో చెదలు తినకముందే ఈ పని జరగాలి.

రెండవది, నీళ్ళు, చెట్లు, గుట్టలు. ఇవి గోడలను గుర్తించవు. ఆవరణలోని కుంట నిండితే దిగువ బస్తీకి బోరు నీళ్ళు. ఆవరణలో కాల్వ పూడితే దిగువ బస్తీకి వరద. కాబట్టి వీటి లెక్క ఇద్దరిదీ.

మూడవది, దారులు. ఆవరణ మధ్య నుంచి ఊరి వాహనాలన్నీ పోతే చదువు సాగదు. మొత్తం మూసేస్తే ఊరు తిరగదు. నడిచేవాళ్ళకు, సైకిళ్ళకు, బస్సులకు ఏ దారి, ఏ వేళల్లో అన్నది చుట్టుపక్కల కాలనీల వాళ్ళను కూడా కూర్చోబెట్టి తేల్చాలి. ఒకరోజు ఉదయం గేటుకు గొలుసు వేసి కాదు.

నాలుగవది, ముందుచూపు. రాబోయే ఇరవై ఏళ్ళలో మాకు ఎన్ని హాస్టళ్ళు, ఎన్ని ప్రయోగశాలలు కావాలి, ఏ నేల ఎప్పటికీ ముట్టుకోకూడదు అన్నది విశ్వవిద్యాలయమే ముందు చెప్పాలి. ఖాళీగా ఉంది అన్న మాటకు సరైన జవాబు ధర్నా ఒక్కటే కాదు, ప్రణాళిక కూడా. నగరం కూడా తనకు ఏం కావాలో అడగాలి, తీసుకోవడం కాదు.

మిత్రులారా, ఇంతసేపూ పెద్ద చదువుల గురించి చెప్పి, మన బడి సంగతి చెప్పకుండా దిగిపోతే మా జాగ్రఫీ సార్ ఒప్పుకోరు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎనిమిదో తరగతిలో సార్ మమ్మల్ని ఆటస్థలానికి తీసుకెళ్ళి, తాడుకు గజానికో ముడి వేయించి, నలుగురేసి పిల్లలతో కొలిపించారు. చింతచెట్టు, బోరింగు, వెనక గేటు, పక్కింటి గోడ అన్నీ డ్రాయింగ్ షీటు మీద గీయించారు. నా జీవితంలో నేను గీసిన మొదటి ప్లాన్ అదే. "కొలిచింది మాత్రమే గీయండి, ఊహించింది గీయొద్దు" అని సార్ అన్న మాట నాకు ఉద్యోగమంతా పనికొచ్చింది. గెడ్డెస్ పేరు నేను తర్వాత విన్నాను గానీ, ఆయన పాఠం అప్పటికే నాకు మన ఆటస్థలంలో వచ్చేసింది.

ఈ ప్రసంగానికి తయారవుతూ పోయిన నెల బడికి వచ్చి ఆఫీసులో మన స్థలం నక్షా అడిగాను. అరగంట వెతికారు. లేదు. ఆస్తి కాగితం ఉంది, కొలతల నక్షా లేదు. వెనక గేటు వైపు గోడ ఎవరిది అని అడిగితే ముగ్గురు మూడు జవాబులు చెప్పారు. ముందు రోడ్డు ఏనాటికైనా వెడల్పు చేయక తప్పదు, ఇప్పుడే ట్రాఫిక్ చూస్తున్నాం గదా. ఆ రోజు అధికారులు టేపు పట్టుకుని వచ్చినప్పుడు మన చేతిలో ఏముంటుంది? జ్ఞాపకాలు ఉంటాయి. జ్ఞాపకాలకు సర్వే నంబరు ఉండదు.

అందుకని సంఘానికి నా మనవి. స్వర్ణోత్సవ గుర్తుగా ఏదో ఒక ఆర్చి కట్టాలన్న ఆలోచన ఉందని విన్నాను. కట్టండి, మంచిదే. కానీ దానికంటే ముందు బడి స్థలాన్ని కొలిపించి, నక్షా గీయించి, హద్దురాళ్ళు వేయించి, ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి సంఘం దగ్గర, ఒక ప్రతి నగరపాలక సంస్థలో పెట్టిద్దాం. కొలత పని నేను చేస్తాను, ఫీజు అక్కర్లేదు. తాడు పట్టుకోవడానికి మాత్రం ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు కావాలి. పక్క కాలనీ వాళ్ళనూ పిలుద్దాం. గోడకు అటువైపు కొలత వాళ్ళు పట్టుకుంటే, రేపు ఆ గోడ మీద గొడవ రాదు.

మా జాగ్రఫీ సార్ ఈ సభకు రాలేకపోయారు, ఆరోగ్యం బాగాలేదు. ఆ నక్షా పూర్తయ్యాక మొదటి ప్రతి తీసుకుని నేనే వాళ్ళింటికి వెళ్తాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ముందు స్కేలు ఎక్కడ రాశావని అడుగుతారు, తర్వాత ఉత్తరం దిక్కు బాణం చూస్తారు. రెండూ ఉంటాయి సార్ అని ఈ వేదిక మీద నుంచే మాట ఇస్తున్నాను.

అరగంటలోనే ముగించాను.